పోటీలకి కూరగాయలు పెంచేవాళ్ళు గుట్టు చెప్పరా?

"ఇంగ్లండ్‌లో కొత్తగా అలాట్‌మెంట్ (కూరగాయలు పెంచుకోడానికి అద్దెకిచ్చే స్థలం) తీసుకున్నాను. పోటీలకి కూరగాయలు పెంచేవాళ్ళు తమ గుట్టు పక్కవాళ్ళకి చెప్పరంటారు, నిజమేనా? వాళ్ళ స్థలం చూడ్డానికి వెళ్ళొచ్చా?" అని అడిగారు.

నిజం కాదు. తప్పకుండా వెళ్ళండి. నేను డర్హమ్ వైపు ఉంటాను. ఉల్లి, పొడుగు క్యారెట్ పోటీలకి పెడుతుంటాను. వీళ్ళంత నోరారా చెప్పేవాళ్ళు ఇంకే పనిలోనూ లేరు. చిక్కంతా వినేవాళ్ళతోనే. గేటు దాటకముందే "ఏ ఎరువు వేస్తారండీ?" అని మొదలుపెడతారు. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే గోల. ఒక్క ఫొటో పెట్టడం పాపం, "ఏం వేశారు, ఎన్ని స్పూన్లు" అని వరసకడతారు. ఎరువుతో దుంప లావవుతుంది, అంతవరకే. బహుమతికి కావలసింది వేరే.

గుట్టు చెప్పరన్న మాట పుట్టింది లీక్ అనే కూరగాయ వల్ల. ఉల్లికాడల జాతిదే, కాడ లావుగా ఉంటుంది. డర్హమ్, నార్తంబర్లాండ్ గని కార్మికుల క్లబ్బుల్లో లీక్ పోటీలంటే పట్టుదల ఎక్కువ. పోటీ దగ్గరపడ్డాక రాత్రిపూట ఎవరో వచ్చి కోసేసి పోయిన సంగతులు పేపర్లలో కూడా పడ్డాయి. అందుకని తోటలోనే పడుకుని కాపలా కాసినవాళ్ళున్నారు. కాపలా వేరు, గుట్టు వేరు. జనం రెంటినీ కలిపేశారు.

నేను చూడ్డానికి వెళ్ళిన ఒక పెద్దాయన స్థలం కూడా అలాంటి పాత బొగ్గుగని ఊళ్ళోనే. ఆయనా నేనూ పోటీ బల్ల దగ్గర పరిచయం, ఇద్దరిదీ ఉల్లే. పది రాడ్ల స్థలం, అంటే దాదాపు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఆరు సెంట్ల పైచిలుకు. అందులో కలుపు మొక్క వెతికినా దొరకదు. (ఇది చెప్పకుండా ఉండలేను: ఒకపక్క జనం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో పడి ఉంటే, స్థలం దక్కినవాళ్ళు ఒక్క వేసవి హడావుడి చేసి ముళ్ళపొదలకి వదిలేస్తారు. నిర్దాక్షిణ్యంగా వెనక్కి తీసుకోవాలి.)

ముందు క్యారెట్లు చూపించారు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, అంచుదాకా ఇసుక. ఆ ఇసుకలో గునపం దించి గుండ్రంగా తిప్పితే పైన వెడల్పుగా, అడుగున సన్నగా గుంట పడుతుంది. దాన్నిండా సన్న జల్లెడ పట్టిన మట్టి మిశ్రమం పోసి, పైన రెండు మూడు విత్తనాలు వేసి, మొలిచాక ఒక్కదాన్నే ఉంచుతారు. రకం న్యూ రెడ్ ఇంటర్మీడియట్. రాయీ రప్పా తగలదు కాబట్టి వేరు చీలకుండా నిట్టనిలువుగా దిగుతుంది. ఆయన మోకాళ్ళ మీద వంగి ఒక మొక్క మొదట్లో ఇసుకని చూపుడువేలితో పక్కకి తప్పించి క్యారెట్ భుజం, అంటే ఆకుల కిందుండే పైభాగం, చూపించారు. పచ్చదనం లేదు. భుజానికి ఎండ తగిలితే పచ్చబడుతుంది, జడ్జి కన్ను మొదట అక్కడే పడుతుంది. చూపించి, మళ్ళీ ఇసుక కప్పి, అరచేత్తో మెల్లగా నొక్కారు. ఏ మొక్క దగ్గరైనా ఆయన చేతులు అంతే నెమ్మది.

అసలు నేర్చుకున్నది షెడ్డులో. బల్లమీద రంపంపొట్టు పోసిన ట్రేల్లో ఉల్లిగడ్డలు ఆరుతున్నాయి, 250 గ్రాముల లోపు తరగతివి. ఈ తరగతిలో ఒక్క గడ్డ గ్రాము ఎక్కువ తూగినా మొత్తం ఐదు గడ్డల సెట్టూ పోటీలోంచి అవుట్. అందుకే చేలో ఉండగానే టేపు చుట్టి చూసి, కావలసిన కొలత రాగానే పీకేస్తారు. ఆయన వాటిని ఒక్కొక్కటే తూచి, కళ్ళ ఎత్తుకి పట్టుకుని, మెడ, భుజం, అడుగు తిప్పి తిప్పి చూస్తూ వరసలో పెడుతున్నారు. అందులో ఒకటి ఉంది. నేను పోటీ బల్లలమీద చూసినవాటిలో కూడా అంత అందమైన గడ్డ లేదు. సన్నని మెడ, మచ్చ లేని బంగారు రంగు పొర, నిండు గుండ్రం. దాన్ని తీసి వంటింటి బుట్టలో వేసేశారు.

"అదేంటండీ!" అన్నాను.

"దానికి జత లేదు" అన్నారు.

మిగతావన్నీ భుజం దగ్గర ఒక్క రవ్వ చదునుగా ఉన్నాయి. చదునైనవే ఐదు ఒక్క పోలికతో కుదిరాయి, వాటినే పోటీకి తీశారు. మార్కుల్లో ఏకరూపతకి విడిగా వాటా ఉంటుంది. ఐదింట్లో నాలుగు బాగుండి ఒకటి తేడాగా ఉంటే ఆ ఒక్కటే కళ్ళకి కొడుతుంది. ఈ విద్య ఏ ఎరువు సంచీ మీదా రాసి ఉండదు. అందుకే వెళ్ళి కళ్ళారా చూడమంటున్నాను.

బరువు పోటీలు వేరే లోకం. 2023లో హారోగేట్ శరదృతువు ప్రదర్శనలో గర్న్‌సీ దీవి ఆయన ఉల్లిగడ్డ 8.97 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. గొప్పే, కాదనను. నా ఓటు మాత్రం జత కుదిర్చినవాళ్ళకే. "ఇవి చూపుకే, తినడానికి పనికిరావు" అనేవాళ్ళ మాట అసలు పట్టించుకోకండి. ఆ బుట్టలో పడినవన్నీ వాళ్ళ ఇంట్లో కూరల్లోకే పోతాయి. నేను తెచ్చుకున్నవి పులుసులో వేశాను, దివ్యంగా ఉన్నాయి.

వచ్చేటప్పుడు లీక్ పిలకలు కొన్ని తడి కాగితంలో చుట్టి ఇచ్చారు. లీక్ పూలగుత్తి మీద పూలు గీకేస్తే ఆ చోట పిలకలు పుడతాయి. వాటితో పెంచితే తల్లి లక్షణాలే అచ్చంగా వస్తాయి, విత్తనంతో అలా రావు. వాళ్ళ నాన్నగారి కాలం నుంచి వస్తున్న మొక్క అది. పోటీలో తన ఎదుట నిలబడే మనిషికి చేతిలో పెట్టి ఇచ్చారు. ఇక గుట్టేముంది చెప్పండి.

వెళ్తే ఆగస్టులో వెళ్ళండి, అక్టోబరుకల్లా పోటీ పంటలు పీకేసి స్థలాలు చాలావరకు బోసిపోతాయి. బఠాణీ కాయల్ని మాత్రం ముట్టుకోకండి. వాటిమీద తెల్లటి పొడిలాంటి పూత ఉంటుంది, వేలు తగిలితే ముద్ర పడిపోతుంది, మళ్ళీ రాదు. కాడ పట్టుకుని కత్తిరించే కాయల్ని, చూడ్డానికొచ్చినవాళ్ళు నిమిరి పోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఖాళీ చేతులతో వెళ్ళకండి, మీరు పెంచిన మెంతికూరో కొత్తిమీరో ఒక కట్ట పట్టుకెళ్ళండి. పెద్ద ఉల్లి పెట్టే ఆలోచన ఉంటే కెల్సే అనే రకం విత్తనం క్రిస్మస్‌కి ముందే తెప్పించుకోండి, చాలామంది ఆ వారంలోనే లైట్ల కింద నారు పోస్తారు.