నానో సిల్వర్ లెన్సులు కంటికి మంచివేనా?

ప్రశ్న: నా వయసు 24. నాలుగేళ్లుగా కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నాను. ఈమధ్య షాపులో ‘నానో సిల్వర్’ లెన్సులు, కేస్ చూపించి, వీటికి బ్యాక్టీరియా పట్టదన్నారు. తీసుకున్నాను. అప్పటి నుంచి సాయంత్రానికి కుడి కన్ను ఎర్రబడుతోంది. నానో కణాలు కంట్లోకి దిగిపోతాయని ఫ్రెండ్ అంటోంది. టెన్షన్‌గా ఉంది. వీటిని పరీక్షించే అమ్ముతారా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఎర్రదనం సంగతి చూద్దాం. లెన్సులు ఈరోజే తీసేసి కళ్లజోడు పెట్టుకోండి. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు కంటి డాక్టర్‌ను కలవండి. మందుల షాపులో అడిగి చుక్కల మందు మాత్రం వేసుకోవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదిరిపోతుంది.

ఇక మీ సందేహం. నానో కణాలంటే 1 నుంచి 100 నానోమీటర్ల సైజువి. మన వెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు. వెండిని అంత చిన్న కణాలుగా చేసినప్పుడు తడి తగిలే భాగం బాగా పెరుగుతుంది, వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) విడుదలై క్రిములను చంపుతాయి. మోతాదు మించితే అవే అయాన్లు నల్లగుడ్డు పైపొరలోని జీవకణాలనూ దెబ్బతీస్తాయి. కాబట్టి వెండి మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఈ లెన్సులోంచి ఎంత వెండి బయటికి వస్తోంది, ఎన్ని గంటల పాటు వస్తోంది అన్నదే తేలాలి.

కంటికి, ఒంటికి తగిలే వైద్య పరికరాలకు ఐఎస్‌ఓ 10993 అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. లెన్సును ఒంటి వేడికి సమానమైన 37 డిగ్రీల దగ్గర ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని ల్యాబ్‌లో పెంచిన జీవకణాల మీద పోస్తారు. ఆ జీవకణాలు బతికాయో చచ్చాయో ఒక రంగు మార్పును బట్టి లెక్కేస్తారు. నానో దగ్గర చిక్కంతా ఇక్కడే. నానో కణాలు ఆ రంగును తమకు అంటించుకోవచ్చు, వెలుతురును చెదరగొట్టవచ్చు. అప్పుడు చచ్చిన జీవకణాలు బతికున్నట్టు లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. పైగా ద్రవంలో నానో కణాలు ముద్దకడతాయి, ప్రోటీన్లు అంటుకుంటే తీరే మారిపోతుంది. అందుకే 2017లో నానో పదార్థాల కోసమే ఆ ప్రమాణాల్లో 22వ భాగం తెచ్చారు. దాని ప్రకారం నానో కణాల సైజు, ఆకారం, ముద్దకట్టే గుణం ముందే కొలవాలి, ఒక పద్ధతిలో వచ్చిన ఫలితాన్ని ఇంకో పద్ధతిలో సరిచూసుకోవాలి.

నా వరకు నేను చూసేది ఇంకొకటి: వెండి లెన్స్ పదార్థం లోపల బిగిసి ఉందా, పైన పూత వేశారా? రెప్ప రోజుకు వేలసార్లు రుద్దుకుంటుంది, మీరూ వేలితో రుద్ది కడుగుతారు. పూత అయితే కొత్త లెన్సుతో పాటు అలా అరిగిన లెన్సునూ పరీక్షించి ఉండాలి.

పరీక్ష నెగ్గినా మన వాడకం తేడా అయితే ఫలితం ఉండదు. ల్యాబ్ పరీక్షలు దాటి మార్కెట్లోకొచ్చిన ఒక లెన్స్ సొల్యూషన్ (లెన్సులు కడిగి నానబెట్టే ద్రవం) వాడినవారికి ఫంగస్ ఇన్ఫెక్షన్లు వచ్చి, 2006లో దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. పాత సొల్యూషన్ మీదే కొత్తది పోసే అలవాటు కూడా అందులో ఒక కారణంగా తేలింది. వెండి కేస్‌లోనూ క్రిములు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. రోజూ పాతది పారబోసి, శుభ్రమైన టిష్యూతో తుడిచి, బోర్లించి ఆరబెట్టండి. కుళాయి నీళ్లు తగలనివ్వకండి. మూడు నెలలకోసారి కేస్ మార్చేయండి.

మన దేశంలో లెన్సులు 2017 వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. పెట్టె మీద లైసెన్స్ నంబర్, విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు కూడా ఉండాలి. మీ పెట్టె మీద అవి లేకపోతే ఆ లెన్సులు మళ్లీ పెట్టుకోవద్దు.

అలాగని వాటిని పారేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు లెన్సులు, కేస్, మిగిలిన సొల్యూషన్, పెట్టె అన్నీ వెంట తీసుకెళ్లండి. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే, ఏ క్రిమి వల్ల వచ్చిందో చాలాసార్లు ఆ కేస్‌లోంచి తీసిన శాంపిల్‌లోనే దొరుకుతుంది.