జలనేతి పాత్రా, నొక్కే సీసానా: తేడా కొలవడం ఎలా?

ముక్కును ఉప్పునీటితో కడుక్కోవడానికి జలనేతి పాత్రనూ, నొక్కితే నీరు చిమ్మే సీసానూ రోజు మార్చి రోజు వాడుతున్నాననీ, రెండో ముక్కురంధ్రం నుంచి వచ్చిన నీటిని గిన్నెలో పట్టి కొలిచినా ఏది మేలో తేలడం లేదనీ మీరు రాశారు. చిక్కు ఆ కొలతలోనే ఉంది. ఎంత నీరు తిరిగి వచ్చిందన్నది, అది లోపల ఎక్కడి దాకా చేరిందో చెప్పదు. పరిశోధకులు అందుకోసం రంగు కలిపిన నీటిని పంపి ఎండోస్కోపుతో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో, చూస్తారు.

ఇంట్లో కొలవదగినవి లక్షణాలే. స్నాట్-22 అనే ప్రశ్నావళిలో ముక్కు దిబ్బడ, గొంతులోకి చీమిడి దిగడం, వాసన తెలియకపోవడం, నిద్ర చెడడం వంటి 22 అంశాలకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 110లో ఎంత తక్కువ వస్తే అంత మేలు. సుమారు 9 మార్కుల లోపు తేడాను పట్టించుకోకండి. ఇది గత రెండు వారాల బాధను అడుగుతుంది కాబట్టి రోజు మార్చి రోజు వాడితే లెక్క కుదరదు. ఒక్కోదాన్ని నాలుగేసి వారాలు వరుసగా వాడి, చివర మార్కులు వేయండి. ఒకటి మామిడి పూత రోజుల్లో, మరొకటి వానల్లో వాడితే మీరు కొలిచేది ఋతువునే అవుతుంది.

ఉప్పునీరు రెండింటికీ ఒకటే ఉండాలి: 240 మి.లీ.కు సుమారు 2.2 గ్రాముల అయొడిన్ లేని ఉప్పు. చెంచాతో కాక తూకంతో తీసుకోండి, ఎందుకంటే కల్లుప్పు, మెత్తని ఉప్పు ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు. నీరు మాత్రం కాచి చల్లార్చినదే వాడండి. శుద్ధిచేయని నీటిలో ఉండగల నెగ్లేరియా అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది.