సృష్టికర్త లేకుండా పాత సీరియల్‌ని మళ్ళీ తీస్తే అభిమానులు ఎందుకు ఒప్పుకోరు?

హక్కులు సాధారణంగా నిర్మాణ సంస్థవే, కాబట్టి చట్టం అడ్డురాదు. గొడవంతా చేతిరుచి దగ్గరే. అమెరికాలో ‘కమ్యూనిటీ’ అనే కామెడీ సీరియల్ సృష్టికర్త డాన్ హార్మన్‌ని 2012లో తప్పించారు. మరుసటి ఏడు నాలుగో సీజన్‌లో అవే పాత్రలు, అదే కాలేజీ. అయినా చాలామంది అభిమానులు పెదవి విరిచారు. ఐదో సీజన్‌కి మళ్ళీ హార్మన్‌నే పిలిచారు.

బెంగళూరులో మా పెదనాన్నకి శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ అంటే ప్రాణం. నాగ్ 1990లో పోయారు. 2006లో కవితా లంకేశ్ దర్శకత్వంలో కొత్త ఎపిసోడ్లు వచ్చాయి. పెదనాన్న పది నిమిషాలు చూసి, “బాగానే ఉందిరా, కానీ ఇది మన మాల్గుడి కాదు” అని రిమోట్ నా చేతిలో పెట్టేశారు. ఆవిడకి కాస్త అన్యాయమే అనుకోండి. పాత టైటిల్ ట్యూన్ మాత్రం గడ్డం గీసుకుంటూ ఇప్పటికీ కూనిరాగం తీస్తుంటారు.