విడుదల తేదీకి ముందే అమ్మిన గేమ్ ఎవరిది?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో దాదాపు 5 వేల రూపాయలు పెట్టి కొత్త వీడియో గేమ్ డిస్కు కొన్నాడు. బిల్లు కూడా ఇచ్చారు. మర్నాడు దుకాణం యజమాని ఫోన్ చేసి, "అమ్మా, ఆ గేమ్ శుక్రవారం గానీ విడుదల కాదు, మా కుర్రాడు చూసుకోక ముందే అమ్మేశాడు, డిస్కు తెచ్చి ఇచ్చేయండి, లేకపోతే కంపెనీవాళ్లు మీ మీద కేసు పెడతారు" అన్నారు. మావాడు అప్పటికే సీలు విప్పి ఆడడం మొదలుపెట్టాడు. డిస్కు మాదేనా, తిరిగి ఇచ్చెయ్యాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి డిస్కు మీ అబ్బాయిదే. దుకాణదారు కోరినంత మాత్రాన తిరిగి ఇవ్వనవసరం లేదు.

విడుదల తేదీ చట్టం విధించిన గడువు కాదు. గేమ్ ప్రచురణకర్త, పంపిణీదారు, దుకాణదారు తమలో తాము రాసుకున్న ఒప్పందంలోని షరతు మాత్రమే అది. హైదరాబాదులో అమ్మే రోజునే విజయనగరంలోనూ అమ్మాలంటే డిస్కుల పెట్టెలు ముందుగానే ఇక్కడికి చేరాలి. చేరిన సరుకును ఒక దుకాణం ముందే అమ్మితే మిగతా దుకాణాల బేరం పోతుంది, కథలోని గుట్టు కాస్తా నెట్‌లోకి ఎక్కుతుంది. అందుకే ఆ షరతు. దాన్ని మీరినందుకు పంపిణీదారు సరుకు ఆపినా, నష్టపరిహారం అడిగినా అడగవలసింది దుకాణదారునే. ఆ ఒప్పందంలో సంతకం లేని మీ అబ్బాయిని ఆ షరతు కట్టివేయదు. పూర్వం సినిమా రీళ్ల పెట్టె కూడా విడుదలకు ముందే హాలుకు చేరేది గాని, ఆ రీళ్లు హాలువాళ్ల సొంతం కావు, వాటిని అమ్మే అధికారమూ వాళ్లకు లేదు. గేమ్ డిస్కు సంగతి వేరు, అది అమ్మకానికే వచ్చిన సరుకు.

సాఫ్ట్‌వేర్ సరుకు ఎలా అవుతుందని ఎవరైనా వాదిస్తే, దానికి సమాధానం మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే ఉంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య అమ్మకం పన్ను విషయమై నడిచిన వ్యాజ్యంలో, సీడీ వంటి వస్తువులో నింపి అందరికీ ఒకే రూపంలో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే అవుతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004లో తేల్చింది. సరుకు అయినప్పుడు 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం వర్తిస్తుంది. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న నిర్దిష్టమైన వస్తువును ఏ షరతూ లేకుండా అమ్మితే, బేరం కుదిరిన క్షణానే యాజమాన్యం కొన్నవారికి వెళుతుందని ఆ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. మీ అబ్బాయి విషయంలో డబ్బు చెల్లింది, బిల్లు వచ్చింది, డిస్కు చేతికి అందింది. ఇక కుదరవలసింది ఏదీ మిగల్లేదు. దుకాణదారు తన ఒప్పందంలోని తేదీని మరిచిపోవడం వల్ల ఆ అమ్మకం చెల్లకుండా పోదు.

అయితే ఒక మెలిక ఉంది. కొన్ని దుకాణాలు సరుకును పూర్తిగా కొనవు. అమ్ముడైతే డబ్బు కడతాం, లేకపోతే వెనక్కి పంపుతాం అన్న పద్ధతిలో తెచ్చుకుంటాయి. అప్పుడు డిస్కు పంపిణీదారుదే కదా అన్న సందేహం సహజం. వేరే ఒప్పందం లేనప్పుడు, అలా తెచ్చుకున్న సరుకును దుకాణదారు అమ్మేస్తే అతను దాన్ని తనదిగా స్వీకరించినట్టేనని 24వ సెక్షన్ అంటుంది. యజమాని సమ్మతితో సరుకు దగ్గర పెట్టుకున్న వ్యాపార ప్రతినిధి మామూలు వ్యాపార సరళిలో అమ్మితే, అధికారం లేదన్న సంగతి తెలియక నిజాయతీగా కొన్నవారికి 27వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పెట్టె మీద విడుదల తేదీ ముద్రించి ఉందా, అమ్మిన కుర్రాడు "ఎవరికీ చెప్పకు" అన్నాడా అన్నవి మీ అబ్బాయి నిజాయతీని ప్రశ్నించేటప్పుడు అడిగే ప్రశ్నలు. అలాంటివేమీ లేవని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను.

దొంగసొత్తు అయితే మాత్రం కథ పూర్తిగా మారుతుంది. గోదాములోనో, రవాణాలోనో పెట్టె నుంచి కొట్టేసిన డిస్కును ఎంత డబ్బు పెట్టి కొన్నా, ఎంత అమాయకంగా కొన్నా యాజమాన్యం రాదు, ఎందుకంటే అమ్మినవాడికే అది లేదు. తెలిసీ కొన్నట్టయితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. తెలియక కొన్నవారు వస్తువును అసలు యజమానికి ఇచ్చివేసి, అమ్మినవాడి నుంచి డబ్బు రాబట్టుకోవాలి. బిల్లు ఇచ్చే దుకాణంలో కొనమని పెద్దవాళ్లు పోరేది ఇందుకే.

ఇక డిస్కు మీది అయినంత మాత్రాన గేమ్ మీది కాదు. అందులోని ప్రోగ్రామ్, బొమ్మలు, సంగీతం, కథల మీద కాపీరైట్ ప్రచురణకర్తదే. మీ అబ్బాయి ఇంట్లో ఆడుకోవచ్చు. దాన్ని నకలు తీసి పంచడం, అద్దెకు తిప్పడం నేరమో, హక్కుల ఉల్లంఘనో అవుతాయి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద కనీసం 6 నెలల జైలు, 50 వేల రూపాయల జరిమానా ఉన్నాయి; తగిన కారణాలుంటే కోర్టు తగ్గించవచ్చు. ఆట వీడియోలు విడుదలకు ముందే నెట్‌లో పెట్టవద్దని మాత్రం మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఆన్‌లైన్ ఖాతా విషయంలో కంపెనీకి అతనితో నేరుగా ఒప్పందం ఉంది. ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కిన ఆ షరతుల ప్రకారం కంపెనీ ఖాతాను ఆపితే, డిస్కు బీరువాలో మీదిగానే ఉంటుంది గాని ఆన్‌లైన్ ఆట ఆగిపోతుంది. కాబట్టి శుక్రవారం వరకు నెట్ తీసేసి ఆడుకోమనండి.

"కేసు పెడతారు" అన్న బెదిరింపు పూర్తిగా గాలి మాట అనలేను. 2005లో కెనడాలో ఒక దుకాణం హ్యారీ పాటర్ ఆరవ పుస్తకాన్ని విడుదలకు ముందే 14 ప్రతులు అమ్మేస్తే, కొన్నవాళ్లు జులై 16 వరకు ఆ పుస్తకాన్ని చదవకూడదనీ, దాని గురించి చెప్పకూడదనీ బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు ఆదేశించింది. కొన్నవాణ్ణి చదవొద్దనడం నా దృష్టిలో అతి. అయినా ఆ ఉత్తర్వుకు ఉద్దేశం విడుదల దాకా గుట్టు కాపాడడమే. అక్కడి కోర్టు మాట ఇక్కడ చెల్లుబాటు కూడా కాదు.

ప్రశ్న: ఆన్‌లైన్ స్టోర్‌లో ముందుగా డబ్బు కట్టాను. గేమ్ మొత్తం డౌన్‌లోడ్ అయ్యింది గాని విడుదల రోజు దాకా తెరుచుకోదట. అది ఇప్పుడు నాదేనా?
- ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: కాదు. మీ యంత్రంలో ఉన్నది తాళం వేసిన ఫైలు. డబ్బు కట్టినా, ఇప్పటికి మీకున్నది ఆ రోజున ఆడనిస్తామన్న మాట మాత్రమే. తెరుచుకున్నాక కూడా సాధారణంగా మీకు వచ్చేది వాడుకునే అనుమతే. ఈ తేడాను కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అన్న మాట వాడకూడదని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి చట్టం అమలు చేస్తోంది. విడుదల రద్దయి డబ్బు తిరిగి రాకపోతే, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫలితం లేకుంటే స్టోర్ ఎక్కడున్నా సరే, 2 ఏళ్లలోగా శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల రూపాయలలోపే కాబట్టి ఫీజు ఉండదు. ముందస్తు బుకింగ్ రసీదును, అప్పటి షరతుల పేజీని ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.