ఫోన్ స్క్రీన్ మినుకుమంటోంది: 7,800 పెట్టి బాగు చేయించాలా, ఈఎంఐలో కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది తెనాలి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 24,000. సాయంత్రం ఆరుగురు పిల్లలకు ఫోన్‌లోనే ట్యూషన్ చెబుతాను, దాని మీద నెలకు 6,000 వస్తాయి. మావారిది చిన్న ఫ్యాన్సీ షాపు, ఒక నెల ఉన్న రాబడి ఇంకో నెల ఉండదు. రెండేళ్ల ఏడు నెలల కిందట 19,999కి కొన్న అమోలెడ్ ఫోన్ స్క్రీన్ ఈమధ్య మినుకుమినుకుమంటోంది. రాత్రిళ్లు మరీ ఎక్కువ. ఆరు నెలల కిందట ఒకసారి స్కూటీ మీంచి జారి పడింది గానీ అప్పుడేమీ కాలేదు. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే డిస్‌ప్లే మార్చాలి, 7,800 అన్నారు. బజార్లో షాపతను 2,600కే వేస్తానంటున్నాడు. మా అబ్బాయేమో 1,900 పెడితే డిస్‌ప్లే, టూల్ కిట్ ఆన్‌లైన్‌లో వస్తాయి, వీడియో చూసి నేనే మార్చేస్తానంటాడు. మావారు ఇవన్నీ దండగ, 24,999 ఫోన్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకో, నెలకు 2,083 కడితే చాలంటున్నారు. బండి ఈఎంఐ 3,400 ఇప్పటికే ఉంది. అత్యవసరానికని బ్యాంకులో 18,000 దాచాను. పోస్టాఫీసులో నెలకు 1,500 చొప్పున రెండేళ్లుగా ఆర్‌డీ కడుతున్నాను, 6.7 శాతం వడ్డీ. ఆర్‌డీ తీసేసి ఫోన్ కొననా? రిపేరుకిస్తే షాపతను లాక్ నంబరు అడుగుతున్నాడు, చెప్పచ్చా?

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత. ఈ రోజే, స్క్రీన్ ఇంకా కనిపిస్తుండగానే, ఫోన్‌లో ఉన్నదంతా బ్యాకప్ తీసుకోండి. వాట్సాప్, ఫొటోలు, కాంటాక్టులు, ట్యూషన్ పిల్లల నోట్సు, అన్నీ. మినుకుమనే డిస్‌ప్లే ఏదో ఒక ఉదయం ముందు చెప్పకుండా నల్లబడిపోవచ్చు. అప్పుడు లోపలున్న సమాచారం కోసమైనా అడిగినంత ఇచ్చి, తొందరపడి డిస్‌ప్లే వేయించుకోవాల్సి వస్తుంది. డయలర్‌లో *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య), మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైన మాట "రాత్రిళ్లు మరీ ఎక్కువ" అన్నది. దాని మీద 7,800 ఆధారపడి ఉండొచ్చు. అమోలెడ్ తెరల్లో చాలావాటికి వెలుతురు తగ్గించే పద్ధతే చిత్రంగా ఉంటుంది. తెర సెకనుకు కొన్ని వందలసార్లు ఆరి వెలుగుతుంది. ఆరి ఉండే సమయం పెరిగేకొద్దీ మన కంటికి మసకగా కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించినప్పుడు ఈ ఆరడం కొందరి కంటికి తెలిసిపోతుంది. రాత్రి దీపం తీసేసి ఆటో బ్రైట్‌నెస్ మీద వదిలేస్తే ఫోన్ తనంతట తాను అడుగుకి దిగిపోతుంది. ఇది మీ ఫోన్‌కి పట్టిన జబ్బేనని నేను చూడకుండా చెప్పలేను. చూసుకోవడానికి మాత్రం ఒక్క రూపాయి కాదు.

ఈ రాత్రే ఆటో బ్రైట్‌నెస్ ఆపేసి, బ్రైట్‌నెస్ సగానికి పైన పెట్టి చూడండి. మినుకు ఆగిపోతే సెట్టింగ్స్‌లో డీసీ డిమ్మింగ్ అనో, యాంటీ ఫ్లికర్ అనో, ఫ్లికర్ ఫ్రీ అనో ఉంటుందేమో వెతికి ఆన్ చేయండి. అదే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క, 90 లేదా 120 ఉంటే 60కి దించండి. కొన్ని ఫోన్లు ఒక రేటు నుంచి ఇంకో రేటుకి మారే క్షణంలో కన్ను కొడతాయి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే ఇలా అవుతుంటే వేరే ఛార్జరు, వేరే కేబుల్ పెట్టి చూడాలి. టచ్ దానంతటదే గెంతుతున్నా ముందు అనుమానించాల్సింది చవక ఛార్జరునే. ఇవేవీ కాకపోతే ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో పెట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ ఆఫ్ అనే గుర్తును నొక్కి పట్టుకుంటే ఆ అవకాశం వస్తుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు. అక్కడ తెర నిలకడగా ఉంటే దొంగ ఏదో ఒక యాప్. కంటికి చలువని తెరను పసుపు రంగులోకి మార్చే యాప్‌లు, ఇతర యాప్‌ల మీద తేలుతూ కనిపించే యాప్‌లు, ముందు వాటినే తీసేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. తెర మినుకుతుండగా స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి ఒక నిమిషం రికార్డు చేయండి. ఆ వీడియోని మీవారి ఫోన్‌కి పంపి అక్కడ చూడండి. వీడియోలో కూడా మినుకు కనిపిస్తే తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, డిస్‌ప్లే మార్చినా పోదు. వీడియో శుభ్రంగా ఉండి మీ తెర మీద మాత్రమే మినుకుతుంటే అనుమానం తెర మీదకి, దాన్ని బోర్డుకి కలిపే పట్టీ మీదకి వెళ్తుంది. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసేటప్పుడు కంపెనీ లోగో దగ్గరే మినుకుమందంటే ఇంక సందేహం అక్కర్లేదు, అప్పటికి యాప్‌లేవీ లేవలేదు కదా. స్కూటీ మీంచి పడ్డప్పుడు ఆ పట్టీ కాస్త కదిలి, నెలల తర్వాత పేచీ పెట్టడం వింతేమీ కాదు. సర్వీస్ సెంటర్‌లో "కనెక్టర్ తీసి మళ్లీ బిగించి చూశారా" అని తప్పకుండా అడగండి. కేవలం అదే అయితే కూలి డబ్బులతో పోతుంది.

సాఫ్ట్‌వేర్ అని తేలితే అప్‌డేట్ ఉందేమో చూడండి. చివరి మందు ఫ్యాక్టరీ రీసెట్. బ్యాకప్, గూగుల్ పాస్‌వర్డు చేతిలో లేకుండా దాని జోలికి వెళ్లకండి. అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే ఇది మొదలైందంటే ఆ తేదీ గుర్తు పెట్టుకుని కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మనదేశంలో తెర మీద ఆకుపచ్చ గీతలు వచ్చిన కొన్ని మోడళ్లకు వారంటీ అయిపోయాక కూడా కంపెనీలు ఉచితంగా డిస్‌ప్లే మార్చి ఇచ్చిన సందర్భాలున్నాయి. మీ మోడల్‌కి అలాంటిదేమైనా ఉందా అని అడిగితే పోయేదేముంది?

ఒక్క జాగ్రత్త. ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టండి. వెనక భాగం ఉబ్బి ఫోన్ ఊగుతున్నా, తెర అంచు పైకి లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లేని నెడుతోందని అర్థం. ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, అప్పుడు లెక్కలేమీ వేయకుండా సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి.

మీ అబ్బాయి ఉత్సాహం నాకు నచ్చింది. కానీ ఇంట్లో రిపేరు అంటే నా ఉద్దేశంలో పైన చెప్పినదాకానే. వేడి చేసి గమ్ము కరిగించి ఫోన్ తెరిచే పని వద్దు. అమోలెడ్ తెర సన్నగా ఉంటుంది, లేపేటప్పుడు ఒక పక్క ఎక్కువ ఒత్తితే అయిపోయింది. లోపల లిథియం బ్యాటరీకి పనిముట్టు గుచ్చుకుంటే మంట లేస్తుంది. ఇవన్నీ పక్కన పెట్టి డబ్బులే చూసినా, 1,900 పెట్టి కొన్న డిస్‌ప్లే బిగించేటప్పుడు పగిలితే వారంటీ ఎవరిస్తారు? ఆ తర్వాత ఎటూ 7,800 తప్పదు. పాత పనికిరాని ఫోన్ ఉంటే దాని మీద నేర్చుకోమనండి, ట్యూషన్ చెప్పే ఫోన్ మీద కాదు.

డిస్‌ప్లే పోయిందనే తేలిందనుకుందాం. అప్పుడు మీవారి లెక్క చూద్దాం. నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని కాదు. 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు సున్నా శాతం వడ్డీ అనేదే లేదని బ్యాంకులకు తేల్చి చెప్పింది. జరిగేదేమిటంటే, వడ్డీకి సరిపడా మొత్తాన్ని అమ్మేవాళ్లు డిస్కౌంటుగా ముందే తగ్గిస్తారు, బ్యాంకు దాన్ని వడ్డీగా మీ దగ్గర వసూలు చేస్తుంది. 16 శాతం లెక్కన 12 నెలలకు 24,999లో వడ్డీ భాగం సుమారు 2,040. దాని మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే దాదాపు 367, మీ స్టేట్‌మెంటులో నెలనెలా విడిగా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే పన్నుతో 235. పౌచ్, గ్లాసుకి 700 వేసుకోండి. ఫోన్ ధరతో కలిపి మొత్తం సుమారు 26,300. నగదుకో, ఏదైనా కార్డుకో 1,500 తగ్గింపు ఉండి, ఈఎంఐ తీసుకుంటే అది రాదంటే, అది కూడా మీ ఖర్చే. షాపులో ఎవరూ ఈ కాగితం చూపించరు, 2,083 ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఆ ఫోన్ మూడేళ్లు వాడతారనుకుంటే నెలకు 730 పడుతుంది. ఉన్న ఫోన్‌కి 7,800 పెట్టి ఇంకో ఏడాదిన్నర లాగితే నెలకు 433. షాపతని 2,600 డిస్‌ప్లే ఆరు నెలలే వస్తే అదీ నెలకు 433, ఏడాది వస్తే 217. కాబట్టి చవకది ఎప్పుడూ చవకే అనలేం, ఖరీదైనది దండగా కాదు. తేల్చేవి రెండు విషయాలు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, అంటే ఫోన్ భద్రత కోసం కంపెనీ పంపిన చివరి అప్‌డేట్ తేదీ, చూడండి. ఈమధ్యదే అయి, కంపెనీ ఇంకో ఏడాదైనా అప్‌డేట్లు ఇస్తుందంటే 7,800 పెట్టండి. అప్‌డేట్లు ఆగిపోయి చాలాకాలమైతే అంత పెట్టొద్దు, ఎందుకంటే ఆ ఫోన్‌లోనే మీ యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఉన్నాయి. అప్పుడు 2,600 డిస్‌ప్లేతో నెట్టుకొచ్చి, కొత్తదానికి డబ్బు కూడబెట్టండి. రెండోది, మీ ఫోన్‌లో వేలిముద్ర తెర మీదే పెట్టాలా? అలా అయితే చవక డిస్‌ప్లే వేసినప్పుడు అది పనిచేయకపోవచ్చు. అమోలెడ్ ఫోన్‌కి మామూలు ఎల్‌సీడీ రకం కాంబో (తెర, టచ్ కలిసి ఉన్న భాగం) వేస్తుంటారు. దానికి బ్యాటరీ తొందరగా దిగుతుంది, రంగులు పాలిపోయినట్టుంటాయి. "ఒరిజినలా, కాపీనా" అని మొహం మీదే అడగండి, బిల్లు మీద అదే మాట, వారంటీ నెలలు రాయించుకోండి. గమ్ము పెట్టక ముందే కనెక్టర్ తగిలించి చూపించమనండి. ఏదో ఒక ఐకాన్‌ని వేలితో పట్టుకుని తెర నాలుగు మూలలకీ లాగండి. ఎక్కడైనా ఐకాన్ వేలి నుంచి జారిపోయిందంటే అక్కడ టచ్ లేదు.

మీ విషయంలో నా ఓటు ఒరిజినల్ డిస్‌ప్లేకే, అప్‌డేట్లు వస్తున్నంతవరకు. ఆ ఫోన్ మీద నెలకు 6,000 వస్తోంది, అది మీకు సరదా వస్తువు కాదు. రెండు వారాలు ట్యూషన్ ఆగితే పోయే డబ్బు షాపతనికీ సర్వీస్ సెంటర్‌కీ ఉన్న తేడాలో సగం దాటుతుంది. 7,800 మీ 18,000 నుంచే తీసుకోండి. అత్యవసరానికి దాచింది ఇలాంటి పనులకే. ట్యూషన్ డబ్బులోంచి నెలకు 1,300 చొప్పున వెనక్కి వేస్తే ఆరు నెలల్లో మళ్లీ నిండుతుంది. ఆ తర్వాత ఆ 1,300 ఆపకుండా విడిగా వేస్తూ పోతే, వచ్చే ఫోన్ మీరు రొక్కం పెట్టి కొంటారు, 1,500 తగ్గింపు కూడా మీదే.

ఆర్‌డీని ముట్టుకోకండి. అసలు పోస్టాఫీసు ఆర్‌డీ మూడేళ్లు నిండకుండా మూయడానికి వీల్లేదు. ఆ తర్వాత ఐదేళ్లలోపు మూసినా 6.7 రాదు, సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. నిజంగా గడ్డు అవసరం వస్తే ఏడాది వాయిదాలు సక్రమంగా కట్టినవాళ్లకి ఖాతాలో ఉన్నదాంట్లో సగం వరకు అప్పు దొరుకుతుంది, ఆర్‌డీ వడ్డీ కన్నా 2 శాతం ఎక్కువ, మీకు 8.7. ఫోన్ కోసం అంత దూరం వెళ్లాల్సిన పని లేదు. మీవారి రాబడి ఊగే నెలల్లో 3,400కి తోడు ఇంకో 2,083 తగిలిస్తే ఏదో ఒక వాయిదా తప్పుతుంది. బౌన్స్ ఛార్జీ ఒక ఎత్తు, సిబిల్ రికార్డులో (మీ అప్పుల చరిత్రలో) పడే మచ్చ ఇంకో ఎత్తు.

లాక్ నంబరు సంగతి. చెప్పొద్దు, ఎంత తెలిసినవాడైనా సరే. డిస్‌ప్లే మార్చడానికి అది అక్కర్లేదు, సరిచూసేటప్పుడు మీరే ఎదురుగా నిలబడి తెరిచివ్వండి. ఇచ్చే ముందు సిమ్ తీసుకోండి, యూపీఐ యాప్‌ల నుంచి లాగౌట్ అవండి. చాలా శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే మీ ఫొటోలు, మెసేజీలు ఎదుటివాళ్లకి కనిపించవు. ఫోన్ రెండు మూడు రోజులు అక్కడే ఉంటుందంటే ఆ సిమ్ మీవారి ఫోన్‌లో వేసి యూపీఐ తాత్కాలికంగా అక్కడ పెట్టుకోవచ్చు. కొత్త ఫోన్‌లో పెట్టిన మొదటి 24 గంటలు పంపే మొత్తానికి పరిమితి తక్కువగా ఉంటుంది, కాబట్టి స్కూలు ఫీజో, కరెంటు బిల్లో ఉంటే ఒక రోజు ముందే కట్టేయండి.