క్యారవాన్ వెనక ఆటోమేటిక్ కారు కట్టి లాగొచ్చా?

తిరుపతి నుంచి మదనపల్లెకు అలా పోవాలంటే ముందు గేర్‌బాక్సు సంగతి చూడండి. మామూలు ఆటోమేటిక్‌లో, సీవీటీలో (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిల్ పంపును తిప్పేది ఇంజనే. ఇంజన్ ఆపి నాలుగు చక్రాల మీద లాగితే న్యూట్రల్‌లో ఉన్నా లోపల ఆయిల్ తిరగదు, గేర్‌బాక్సు వేడెక్కి పాడవుతుంది. ముందు చక్రాలకు డ్రైవ్ ఉంటే ఆ రెండూ చిన్న చక్రాల బండి (ట్రాలీ) మీదికి ఎక్కాల్సిందే. మాన్యువల్ అయితే చాలావరకు న్యూట్రల్‌లో వస్తుంది. అయినా కారుతో ఇచ్చిన పుస్తకంలో వేగం, దూరం పరిమితి చదవండి. స్టీరింగ్ లాక్ తీసి, హ్యాండ్‌బ్రేక్ దించండి.

తాడు మాత్రం వద్దండీ. తిరిగొచ్చేటప్పుడు భాకరాపేట ఘాట్ దిగుతుంటే తాడు వదులైపోయి కారు వచ్చి వెనక గుద్దుతుంది. రెండు బళ్లనూ కలిపే ఇనుప కడ్డీ (టోబార్) వాడండి, దాన్ని బంపరుకు కాకుండా ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి బిగించాలి. కారు టెయిల్ ల్యాంపులకు క్యారవాన్ నుంచి వైరు లాగించండి. పది కిలోమీటర్లు పోయాక ఆపి టోబార్ పిన్నులు చూడండి, కారు చక్రం దగ్గర చెయ్యి పెట్టండి. సెగ తగిలితే బ్రేకు పట్టేస్తున్నట్టే.