ఎండీకి నాలుగు లైన్లు, ఏజెంటుకి ఒక్క అంకె
పాఠకుల ప్రశ్నలకు మా డేటా నిపుణుల జవాబులు

ప్రశ్న: డెయిరీలో డేటా ఎనలిస్టుని. మా దగ్గర నుంచి రోజుకు 20,000 అరకిలో పెరుగు ప్యాకెట్లు వెళ్తాయి, 6 శాతం అమ్ముడవక రిటర్న్ వస్తాయి. ఏ రోజు ఎంత అమ్ముడవుతుందో పాత లెక్కలు చూసి ప్యాకెట్లు అమ్మే ఏజెంటుకి ఇండెంట్ (మర్నాటికి కావాల్సిన ప్యాకెట్ల ఆర్డరు) సూచించే పద్ధతిని ఆషాఢం చివర మొదలుపెట్టి 5 రూట్లలో 6 వారాలు నడిపాం. అక్కడ రిటర్నులు 4 శాతానికి దిగాయి, మిగతా రూట్లలో 5.5కి వచ్చాయి. వెనక్కొచ్చిన ప్యాకెట్‌కి ₹25 నష్టం, ఏడాదికి 36.5 లక్షలు మిగులుతుందని 24 స్లైడ్ల పీపీటీ చేసి ఎండీ, ఫైనాన్స్, సేల్స్, ప్రొడక్షన్ వాళ్లందరికీ ఒకే మీటింగులో చూపించాను. అందరూ బాగుందన్నారు. మూడు నెలలైనా ఏదీ కదల్లేదు. ఎక్కడ తప్పింది?
— విజయవాడ పాఠకుడు

జవాబు: చెప్పే తీరు సంగతి తర్వాత, ముందు లెక్క సరిచేయండి. ట్రయల్ పెట్టని రూట్లలోనూ అర శాతం తగ్గింది కదా. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలై పెరుగు వాడకం పెరిగి ఉంటుంది. ఆ అర శాతం మీ పద్ధతి ఖాతాలో పడదు. మీది 2 కాదు, 1.5 శాతం. అంటే రోజుకు 300 ప్యాకెట్లు, ₹7,500, ఏడాదికి 27.4 లక్షలు. ఇండెంట్ తగ్గించాక సరుకు చాలక పోయే అమ్మకం కూడా ఉంటుంది. రోజుకు 100 ప్యాకెట్లు, ప్యాకెట్‌కి ₹4 మిగులు అనుకుంటే ఏడాదికి 1.46 లక్షలు. అది తీసేస్తే దాదాపు 26 లక్షలు. 36.5 అని చెప్పి ఫైనాన్స్ వాళ్ల చేతిలో దొరికిపోవడం కన్నా 26 అని చెప్పి నిలబడటం మేలు.

ఇక ఎందుకు కదల్లేదంటే, ఆ 24 స్లైడ్లలో ఎవరినీ ఏమీ అడగలేదు కాబట్టి. ‘బాగుంది’ అనేశాక వాళ్ల పని అయిపోయింది. మనిషిని బట్టి మార్చాల్సింది అంకెని కాదు, అతన్ని అడిగే పనిని. అంకె అందరికీ ఒకే షీటు నుంచి పోవాలి. సేల్స్‌కి 30 లక్షలని, ఎండీకి 26 లక్షలని చెప్పారా, వాళ్లిద్దరూ లిఫ్టులో కలిసిన రోజున మీ పరువు పోతుంది.

ఎండీకి ఒక పేజీ కూడా ఎక్కువే. ఇలా నాలుగు లైన్లు రాయండి:

“పెరుగు రిటర్నుల మీద రోజుకు సుమారు ₹30,000 పోతోంది. కొత్త ఇండెంట్ పద్ధతి అన్ని రూట్లలో పెడితే ఏడాదికి దాదాపు 26 లక్షలు మిగులుతుంది. రిటర్నులు ఒక్క శాతమే తగ్గినా 16 లక్షలకు తగ్గదు. ఇందుకు సేల్స్ టార్గెట్‌ని పంపిన సరుకు మీద కాకుండా, రిటర్నులు తీసేసిన అమ్మకం మీద లెక్కించాలి; వచ్చే నెల 1 నుంచి అలా మార్చడానికి మీ అనుమతి కావాలి.”

అసలు ముడి ఆ చివరి లైనులో ఉంది. మీ దగ్గర సేల్స్ మేనేజర్ ఇన్సెంటివ్ పంపిన ప్యాకెట్ల మీద లెక్కేస్తుంటే, ఇండెంట్ తగ్గించమన్న మీ సలహా ఆయన చెవికి ‘నీ జీతం తగ్గించుకో’ అన్నట్టే వినిపిస్తుంది. మీటింగులో ఆయన అడ్డు చెప్పడు. బయటికొచ్చాక అమలూ చేయడు. కాబట్టి ఆయన్ని మీటింగుకి ముందే విడిగా కలవండి. రూటువారీగా మూడు కాలమ్‌లే చూపించండి: పంపింది, వెనక్కొచ్చింది, నిలిచిన అమ్మకం. ‘మా ఏరియా వేరండీ, ఇక్కడ లెక్కలు పనిచేయవు’ అంటే వాదించొద్దు. ఏ రెండు రూట్లు వేరో ఆయన్నే చెప్పమని, వాటిని నాలుగు వారాలు పాత పద్ధతిలోనే వదిలేయండి. ఒక్కోసారి ఆయన మాటే నిజమవుతుంది: గుడి దగ్గర కౌంటరు, హాస్టళ్లున్న వీధి మీ డేటాలో కనిపించవు.

ఫైనాన్స్‌కి పీపీటీ వద్దు, ఎక్సెల్ పంపండి. ప్యాకెట్ నష్టం, రిటర్న్ తగ్గుదల, సరుకు చాలక పోయిన అమ్మకం అనే మూడు గడుల్ని పసుపు రంగులో పెట్టి, అవి మారిస్తే కింద మొత్తం మారేలా సూత్రాలు అలాగే ఉంచండి. కాపీ కొట్టి అంకెలు మాత్రమే అతికించిన షీటుని వాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా. మీ ₹25లో పాలు, ప్యాకింగ్ ఫిల్మ్, రవాణా ఎంతెంతో విడగొట్టండి. అందులో జీతాలు, బిల్డింగు అద్దె కలిపి ఉంటే తీసేయండి. 300 ప్యాకెట్లు తగ్గినంత మాత్రాన అవి తగ్గవు.

ప్రొడక్షన్‌కి రూపాయలతో పనిలేదు. ప్యాకెట్లో నింపిన పాలు తోడుకోవడానికే 4 నుంచి 6 గంటలు, ఆ తర్వాత చల్లబడాలి. వాళ్లకు కావాల్సింది రేపటికి ఎన్ని క్రేట్లు, అంకె ఎన్నింటికి చేతికొస్తుంది, ఎంత అటూఇటూ అవుతుంది, అంతే. ‘19,650’ అని పంపకండి. క్రేటుకు 24 చొప్పున ‘820 క్రేట్లు, 15 అటూఇటూ’ అనండి.

అందరికన్నా ముఖ్యుడు ఏజెంటు, మీ మీటింగులో లేనిదీ అతనే. రిటర్న్ మీరు వెనక్కి తీసుకుంటున్నంతకాలం పది ఎక్కువ చెప్పినా అతనికి పోయేదేమీ లేదు. తక్కువ పడితే మాత్రం కమీషనూ పోతుంది, గిరాకీ పక్క షాపుకీ పోతుంది. అతనికి గ్రాఫులు పంపొద్దు. ఇండెంట్ ముగిసే టైముకి గంట ముందు తెలుగులో ఒక వాట్సాప్ చాలు:

“రేపు సోమవారం. గత నాలుగు సోమవారాల్లో మీరు తీసుకున్నవి 60, అమ్మినవి సగటున 51. రేపటికి 54 పెడుతున్నాం. మార్చాలంటే 5 గంటల లోపు అంకె పంపండి. పొద్దున చాలకపోతే 7 లోపు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయండి, రెండో ట్రిప్పులో వస్తుంది.”

ఆ రెండో ట్రిప్పు బండి ఖర్చు మీ 26 లక్షల లెక్కలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది రాసుకునేదాకా ఈ మెసేజీ పంపొద్దు.

ప్రశ్న: వాయిదాల వసూలు చేసే సంస్థలో పనిచేస్తున్నాను. ఎవరు వాయిదా ఎగ్గొడతారో చెప్పే మోడల్‌కి 92 శాతం ఆక్యురసీ (సరిగ్గా చెప్పినవాటి శాతం) వచ్చింది. బిజినెస్ హెడ్ ‘అయితే ఏంటి’ అన్నారు. ఎలా ఒప్పించాలి?
— బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆయన అడిగింది న్యాయమే. వెయ్యి మందిలో 80 మంది ఎగ్గొట్టేవాళ్లయితే, ‘ఎవరూ ఎగ్గొట్టరు’ అని గుడ్డిగా చెప్పినా 92 శాతం సరైపోతుంది. శాతాలు వదిలి మనుషుల లెక్కన చెప్పండి: “మోడల్ వందమంది పేర్లు ఇస్తే అందులో 40 మంది నిజంగానే కట్టరు. లిస్టు లేకుండా ఏ వందమందికి ఫోన్ చేసినా అలాంటివాళ్లు 8 మందే తగులుతారు. అయితే ఎగ్గొట్టే 80లో మిగతా 40 మంది ఈ లిస్టులో లేరు.” (ఈ 40 ఉదాహరణకే, మీ అంకె పెట్టుకోండి.) చివరి వాక్యం దాచకండి. మోడల్ మీద కోపమంతా లిస్టులో లేని ఆ 40 మంది దగ్గరే పుడుతుంది.

కలెక్షన్ టీమ్ లీడర్‌కి ఇదీ అక్కర్లేదు. వాళ్లు రోజుకు 120 కాల్స్ చేయగలిగితే 120 పేర్లు, పక్కన ఒక్కొక్కరికి కారణం ఒక ముక్క: ‘గత రెండు వాయిదాలు ఆలస్యం’. 0.73 స్కోరు అని పెడితే దాన్ని తలా ఒక రకంగా అర్థం చేసుకుంటారు. నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ వాళ్లకు ఏ వివరాలు వాడారో, వాటికి కస్టమర్ అనుమతి ఉందో రాసివ్వండి. 2023 డేటా రక్షణ చట్టం ఉంది కాబట్టి వాళ్లు అది అడుగుతారు. ఇంకోటి: రాత్రి 8:30కి ఫోన్ చేస్తే ఎక్కువమంది ఎత్తుతున్నారని మీ డేటా చెప్పినా ఆ సలహా ఇవ్వకండి. ఆలస్యమైన అప్పుల వసూలుకి ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులోనే చెప్పింది.

ప్రశ్న: ఒకే రిపోర్టు డల్లాస్‌లోని మా బాస్‌కీ, హైదరాబాద్ టీముకీ పంపాలి. లక్షలా, మిలియన్లా?
— టెక్సాస్ పాఠకుడు

జవాబు: రెండూ కలపకండి, రెండు కాపీలు తీయండి. 27 లక్షలంటే 2.7 మిలియన్లు; కోటి అంటే 10 మిలియన్లు. హైదరాబాద్ కాపీలో ఎక్సెల్ కస్టమ్ ఫార్మాట్ ఇలా పెడితే కామాలు మన పద్ధతిలో పడతాయి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

ఇందులో ఒక లోటుంది, మైనస్ అంకెల్లో లక్ష దాటినవాటికి కామా అమెరికా పద్ధతిలోనే పడుతుంది. నష్టాలున్న కాలమ్‌కి ఇది వాడొద్దు. తేదీల్లో నెల పేరు అక్షరాల్లో రాయండి. 03/04 అంటే హైదరాబాద్‌లో ఏప్రిల్ 3, డల్లాస్‌లో మార్చి 4. ‘మొదటి క్వార్టర్’ అన్నా తంటాయే. మనకది ఏప్రిల్‌తో మొదలవుతుంది. ‘ఏప్రిల్–జూన్’ అని రాస్తే ఎవరూ ఫోన్ చేసి అడగరు.